చెయ్యి అందని చోటు

మూడో రోజు మాపటేళ తెరచాప కనబడింది.
పడవ ఇసుకను కొరికి ఆగింది.
సివేరి దిగాడు నడుము వంచకుండా,
నెత్తిమీద నిండుకుండ ఉన్నవాడిలా.

దీపం దగ్గరికి తిప్పి చూద్దును గదా,
నల్లటి వీపంతా ఎర్రజీర కమ్మింది,
అప్పుడే ఉడికిన పీతడిప్పలా.
మెడ మడతల్లో మాత్రం పాత రంగు.
ముట్టుకోకముందే అరచేతికి సెగ తగిలింది.

"మన నలుపుకి ఎండేం చేస్తుందన్నావు.
మొహానికి చెక్కగంధం పూసుకోమంటే
ఆడవాళ్ళ సోకు అన్నావు.
పడుకో ఇప్పుడు, బోర్లా."

ఇసుకదిబ్బ వెనక చెలమ నీళ్ళు
రాత్రిపూటే కాస్త తీపి.
అవే తోడుకొచ్చాను.
సముద్రపు నీళ్ళు పొయ్యను,
ఈ పాపంలో సగం దానిదే:
పైన ఒక సూర్యుడు, నీళ్ళలో ఇంకొకడు,
మధ్యలో మనిషి, రెండు వైపులా కాలే రొట్టె.

పాత లంబా గుడ్డ తడిపి, పిండి, పరిచాను.
వేడెక్కింది. మళ్ళీ తడిపాను.
మళ్ళీ వేడి. మళ్ళీ.
అత్త కొబ్బరినూనె సీసా పట్టుకొచ్చింది.
"ఇవాళ వద్దత్తా. లోపల మంట ఉండగా
పైన మూత పెట్టకూడదు."
అలిగి, సీసాతో సహా వెళ్ళిపోయింది.

కంచె దగ్గరి కలబంద మట్ట కోసి
తలకిందులుగా నిలబెట్టాను,
పసుప్పచ్చటి చేదంతా కారిపోయేదాకా.
తొక్క ఒలిస్తే లోపల గాజులాంటి చలవ.
వేళ్ళతో కాదు, ఆ ముక్కతోనే రాశాను
భుజాల మీంచి కిందికి,
రెక్కల ఎముకల మధ్య
ఎవరి చెయ్యీ వాళ్ళకి అందని చోటుదాకా.

అక్కడ రెండు బొబ్బలు, చేపకళ్ళంత.
"చిదిపెయ్యి" అన్నాడు.
"చిదపను. నీ ఒళ్ళు వేసుకున్న గుడారమది.
ఉండనీ."

తిడుతూనే ఉన్నాను.
చొక్కా ఏదన్నాను. టోపీ ఎవరి పాలు చేశావన్నాను.
"నీ నీడ నీకన్నా పొట్టిదైతే ఒడ్డుకి రా" అని
మా అమ్మ మమ్మల్ని అరిచి పిలిచేది,
ఆక్టోపస్ చిక్కే వేళైనా సరే.
"నడిసముద్రంలో ఒడ్డేదీ?" అన్నాడు చాపలోకి.

అప్పుడు వులాసువా, ఆరేళ్ళది,
నిద్రలో సగం ఉండి చెప్పింది:
"గాలి ఆగిపోయిందమ్మా.
రెండు తెడ్లు పెట్టి, చొక్కా కప్పి
నాన్న నాకు ఇల్లు కట్టాడు.
ఎండ ఎటు తిరిగితే
అటు వీపు పెట్టి కూచున్నాడు."
"తెరచాప కప్పొచ్చుగా?"
"దించితే గాలొచ్చినా తెలీదన్నాడు."

నోటిదాకా వచ్చిన తిట్టు ఎటు పోయిందో.
పిల్ల బుగ్గ తడిమాను. చల్లగా ఉంది.
కలబంద ముక్క అరచేతిలో కరిగి నీరైంది.
ఇంకో మట్ట కొయ్యాలని బయటికెళ్ళాను,
గిన్నెలో రెండు మిగిలే ఉన్నా.

ఆ పూట అన్నం అడుగంటింది.
మాడులో నీళ్ళు పోసి మరగబెట్టి,
రాగిరంగు తేలాక చల్లార్చి
గ్లాసు తర్వాత గ్లాసు తాగించాను.
మేం మాడినదాన్ని పారెయ్యం.
నీళ్ళు పోసి, కాసేపు ఆగుతాం.

అయిదో రోజుకి పొరలు లేచాయి.
పిల్ల లాగబోతే చేతిమీద ఒకటేశాను.
అత్త నూనె అప్పటికి పనికొచ్చింది.
అదే మొదటిరోజు రాసుంటే, అని
ఊరందరికీ చెప్పుకుంది.

ఆ తర్వాతి వారం చీకటితోనే లేచి
పగడపు రాతిమీద మసున్జువానీ చెక్క అరగదీశాను.
నాకు, పిల్లకి, ముక్కుమీద దళసరిగా.
ఇంకా మిగిలింది. కావాలనే ఎక్కువ తీశాను.
సివేరి తెడ్డు సర్దుతున్నట్టు కాసేపు నటించి
నా ముందుకొచ్చి గొంతుక్కూచున్నాడు,
కళ్ళు మూసుకుని.
"మెడ వెనక కూడా" అన్నాడు,
పక్క పడవకి వినపడకుండా.

చెక్క బొటనవేలంత మిగిలింది.
తులియారా సంతలో ఈసారి పెద్దది కొనాలి.
చొక్కాలు కూడా. రెండు.